పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ వేస్తుంటే స్క్రీన్ నల్లబడుతోంది

పెదవాల్తేరు_పీసీ:
మా నాన్నగారి డెస్క్‌టాప్ పాతది. కోర్ 2 డ్యూఓ, జీ41 బోర్డు, 4 జీబీ ర్యామ్, పైన జీఫోర్స్ 210 కార్డు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11 దీనికి ఎలాగూ రాదు, అందుకని విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ 22ని (తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వచ్చేది) రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టాను. మెనూ వస్తుంది, స్టార్ట్ నొక్కితే కాసేపు లోగో, ఆ తర్వాత అంతా నలుపే. ద్వారకానగర్‌లో ఒక షాపాయన చూసి "పాత ఇనుముకి వేసేయండి సార్" అన్నాడు. నాన్నగారు చూసేదల్లా ఈపేపరు, యూట్యూబ్, కరెంటు బిల్లు, కాస్త తెలుగు టైపింగ్. వేరే డిస్ట్రో (లినక్స్‌లోనే ఇంకో రకం) వేసి చూడనా?

గాజువాక_గ్రబ్:
డిస్ట్రో జోలికి పోకండి. మెనూ దాకా వచ్చిందంటే పెన్‌డ్రైవ్‌ని బయోస్ (బోర్డులో ఉండే స్టార్టప్ ప్రోగ్రామ్) చదివినట్టే, అదే రాకపోతే రూఫస్‌లో పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్ పెట్టారా జీపీటీ పెట్టారా అని అడిగేవాణ్ణి. నా అనుమానమంతా ఆ 210 కార్డు మీదే, లినక్స్ కెర్నల్‌లో (దాని గుండెకాయలో) ఉన్న నోవో అనే ఎన్విడియా కార్డుల డ్రైవర్‌కి దానికి తరచూ పడదు. మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. అదీ కుదరకపోతే మొదటి లైను మీద 'e' కీ (పాత బయోస్ మెనూ అయితే ట్యాబ్) నొక్కి, క్వైట్ స్ప్లాష్ అన్న చోట నోమోడ్‌సెట్ (nomodeset, గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టే మాట) అని కొట్టి ఎఫ్10 (ట్యాబ్ నొక్కి ఉంటే ఎంటర్). ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి బూట్ చేసేటప్పుడు కూడా ఇదే చేయాలి. కానీ దాంతోనే కాలక్షేపం చేయొద్దు, వీడియో భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎన్విడియా ఈ కార్డుకి ఇచ్చిన 340 డ్రైవర్‌కి 2019తోనే సపోర్ట్ ముగిసింది. బోర్డు వెనక వీజీఏ పోర్టు ఉంటే కార్డు పీకేసి కేబుల్ అక్కడ పెట్టేయడం మేలు.

పెదవాల్తేరు_పీసీ:
కార్డు తీసేశాను, డెస్క్‌టాప్ కనిపించింది! కానీ ఇన్‌స్టాల్ సగంలో స్క్వాష్‌ఎఫ్‌ఎస్ (పెన్‌డ్రైవ్‌లో మింట్ ఫైళ్లని కుదించి పెట్టిన మూట) ఎర్రర్ అని వచ్చి బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇంకో చోట ఆగింది.

లాసన్స్‌బే_వాసి:
ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతోందంటే ర్యామ్‌ని అనుమానించాలి. పెన్‌డ్రైవ్ కూడా కావచ్చు, అందుకని ముందు మెనూలో ఇంటెగ్రిటీ చెక్ (పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సరిగ్గా ఉన్నాయా అని చూసేది) నడపండి. అది పాసైతే ప్లగ్గు పీకి, ర్యామ్ స్టిక్కులు తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి లేకుండా తుడిచి పెట్టండి. మీది సముద్రం పక్క ఏరియా, ఉప్పుగాలికి బాల్కనీ గ్రిల్లే నిలవదు, ఇదెంత! అయినా అలాగే ఉంటే ఒక్కో స్టిక్కే పెట్టి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా వదిలేయండి, ఎర్రర్ ఒక్కటి కనిపించినా ఆ స్టిక్కు పనికిరానట్టే.

పెదవాల్తేరు_పీసీ:
రబ్బరుతో రుద్దాక ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయింది, థాంక్స్ అండీ. ఇప్పుడు అప్‌డేట్ కొడితే "రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వ్యాలిడ్ యెట్" అంటోంది, బ్రౌజర్‌లో ఏ సైటుకి వెళ్లినా సర్టిఫికెట్ గొడవే.

గాజువాక_గ్రబ్:
తేదీ చూడండి, ఏ 2009లోనో ఉండి ఉంటుంది 😄 బోర్డు మీద టైముని నిలిపే సీఆర్2032 సెల్ అయిపోయింది. వాచీల షాపులో కూడా దొరుకుతుంది. మార్చి, బయోస్‌లో టైము సరిచేయండి.

డాబాగార్డెన్స్_డీటీపీ:
తెలుగు టైపింగ్‌కి ఐబస్ (టైపింగ్ భాష మార్చే సాఫ్ట్‌వేర్), దానికి లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, పోతన లేఅవుట్లు రెండూ వస్తాయి. నాన్నగారు పాత అను ఫాంట్లలో ఏమైనా టైప్ చేసి పెట్టుకున్నారేమో అడగండి. అది యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదివే అక్షరాల పద్ధతి) కాదు, మింట్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. ఆ పాత హార్డ్‌డిస్క్ వేరేగా ఉంటే మాత్రం ఫైళ్లన్నీ యూనికోడ్‌లోకి మార్చుకునేదాకా ఫార్మాట్ చేయకండి.

పెదవాల్తేరు_పీసీ:
డిస్క్ వేరేగానే ఉంది, మింట్ వేసింది కొత్త ఎస్‌ఎస్‌డీ మీద. అను ఫైళ్లు బోలెడు ఉన్నాయట, కన్వర్టర్ దేంతో మొదలెట్టమంటారు?