హోస్టింగ్ వాళ్లు రోజూ తీస్తుంటే మళ్లీ మనమెందుకు బ్యాకప్ తీసుకోవాలి?

రాత్రిడ్యూటీ:
నా వర్డ్‌ప్రెస్ సైటు షేర్డ్ హోస్టింగ్‌లో ఉంది. ప్యానెల్ తెరిస్తే గత ఏడు రోజుల బ్యాకప్‌లు వరుసగా కనిపిస్తాయి, కావాల్సిన తేదీ నొక్కితే రీస్టోర్ అయిపోతుంది. అలాంటప్పుడు వారం వారం నేను మళ్లీ మూడు జీబీ దించుకుని దాచుకోవడం చాదస్తం కాదా? కాదనేవాళ్లు కారణం చెప్పండి, "ఎందుకైనా మంచిది" అని మాత్రం అనకండి.

సర్వర్‌పిల్లి:
కారణం ఆ ఏడు రోజుల్లోనే ఉందండీ. నా సైటులోకి ఎవడో దూరి అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒక పీహెచ్‌పీ ఫైలు (సర్వర్‌లో నడిచే ప్రోగ్రాం కోడ్) పెట్టి వెళ్లాడు. బొమ్మలుండే చోట పీహెచ్‌పీకి ఏం పని అని నాకు అనుమానం వచ్చేసరికి మూడు వారాలు దాటింది. ప్యానెల్‌లో ఏడు కాపీలూ భద్రంగా ఉన్నాయి, ఏడింటిలోనూ ఆ ఫైలూ భద్రంగా ఉంది! నా హార్డ్‌డిస్క్‌లో నెల కిందటి జిప్ ఒకటి పడి ఉండబట్టి, రెండూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూసుకుని బయటపడ్డాను.

రాత్రిడ్యూటీ:
అది హ్యాక్ సంగతి. డిస్క్ పోతే వాళ్లే చూసుకుంటారుగా?

ఒంటిచేతి_అడ్మిన్:
2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటాసెంటర్ తగలబడి ఎస్‌బీజీ2 భవనం మొత్తం పోయింది. సైటూ, దాని బ్యాకప్పూ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. అంత దూరం ఎందుకు, మీ అకౌంట్ సస్పెండ్ అయితే ఆ ప్యానెల్లోకే వెళ్లలేరు, ఇక రీస్టోర్ బటన్ ఎక్కడ నొక్కుతారు?

గిట్‌భక్తుడు:
నేను సగం రాత్రిడ్యూటీ గారి వైపే. వర్డ్‌ప్రెస్ కోర్, మామూలు ప్లగిన్లు ఎప్పుడైనా మళ్లీ దించుకోవచ్చు, సొంత కోడ్ గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే టూల్) ఉంటుంది. ఇక మిగిలేవి అప్‌లోడ్స్, సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు, పోస్టులుండే డేటాబేస్. వీటికోసం ప్రతిసారీ సైటంతా జిప్ చేయడం దండగ, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ టూల్ పెడితే మారినవే వస్తాయి. డిలీట్ ఆప్షన్ మాత్రం జాగ్రత్త, అక్కడ పొరపాటున చెరిపిన ఫైలు మన దగ్గరా మాయమవుతుంది.

ఒంటిచేతి_అడ్మిన్:
ఆర్‌సింక్ అయినా మన మెషీన్ నుంచే లాక్కోవాలి. సర్వరే బయటికి పంపేలా పెడితే ఆ పాస్‌వర్డో కీనో సర్వర్‌లోనే ఉంటుంది, దూరినవాడు బ్యాకప్‌లు కూడా తుడిచేసి పోతాడు. ఇంకోటి, తీశాం కదా అని నిద్రపోకండి. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సర్వీసు నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే చెరిపేశాడు. రోజూ జరగాల్సిన డంప్ (డేటాబేస్‌ని ఫైలుగా తీసే బ్యాకప్) సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఫెయిలవుతోందని అప్పుడు బయటపడింది, ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా చేరడం లేదట. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఎవరో చేతితో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ ఎలా ఉందో ఆ కాపీ) ఉంది.

రాత్రిడ్యూటీ:
సరే, ఇప్పుడే ప్యానెల్ నుంచి ఒక బ్యాకప్ దించి నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ఫైళ్లన్నీ ఉన్నాయి, డేటాబేస్ లేదు! దానికి వేరే బటనట, ఇన్నాళ్లూ నేను చూడనే లేదు. అంటే బొమ్మలు మిగిలి, రాసిన పోస్టులు పోయేవన్నమాట. డేటాబేస్ నలభై ఎంబీయే కాబట్టి రోజూ తెచ్చుకుంటా, అప్‌లోడ్స్ నెలకోసారి. వారం వారం మూడు జీబీ అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.