అప్‌డేట్: ఆ జర్మన్ ఆల్బమ్ దొరికింది!

డ్యూసెల్‌డార్ఫ్‌లో చదువుకునే రోజుల్లో రూమ్మేట్ క్యాసెట్‌లో విన్న డాన్స్ ఆల్బమ్ ఏదో చెప్పమని అడిగాను కదా, ‘బుమ్’ అన్న మాట తప్ప ఏమీ గుర్తులేదని? అది డి.ఎ.ఎఫ్. అనే జర్మన్ బ్యాండ్ వాళ్ల ‘ఆలెస్ ఇస్ట్ గూట్’, 1981లో వచ్చింది. ‘మైన్ హెర్ట్స్ మాఖ్ట్ బుమ్’ మొదలవగానే ఒళ్లు జలదరించింది. అదే పాట! నా గుండె బుమ్ అంటోంది అని అర్థమట.

ఒకే సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) వరస ఆగకుండా తిరుగుతుంటే, దాని మీద రాబర్ట్ గోర్ల్ అసలైన డ్రమ్స్ దంచుతాడు. గాబీ డెల్గాడో గొంతు కాసేపు గుసగుస, కాసేపు హుకుం. ప్రొడ్యూసర్ కోనీ ప్లాంక్. శబ్దం ఇంత దగ్గరగా వినిపించడం ఆయన పనితనమే అనిపిస్తుంది.

గాబీ 2020లోనే పోయారని ఇప్పుడే తెలిసి మనసు చివుక్కుమంది. పేరు చెప్పినవాళ్లకు చాలా చాలా థాంక్స్. రాత్రి నుంచి ఇదే వింటున్నాను.