గ్రేవ్స్ తిరగబెట్టింది: అయోడినా, ఆపరేషనా, మళ్లీ మాత్రలా?

సుధ_మారతహళ్లి: నాకు 31 ఏళ్లు. గ్రేవ్స్ జబ్బు వల్ల థైరాయిడ్ అతిగా పనిచేస్తోంది. దాన్ని తగ్గించే మాత్ర కార్బిమజోల్ 18 నెలలు వాడి ఆపాను. ఐదు నెలలకే మళ్లీ గుండెదడ, చేతుల వణుకు. ఆరు కిలోలు తగ్గాను. రేడియో అయోడిన్, ఆపరేషన్, లేదా మళ్లీ మాత్రలు, ఏదో ఒకటి ఆలోచించుకోమన్నారు డాక్టర్. బాబుకు రెండేళ్లు, మాది సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. మీరైతే ఏం చేస్తారు?

కావేరి_జయనగర్: అయోడిన్ తీసుకో సుధా. నేను 2016లో తీసుకున్నాను. క్యాప్సూల్ మింగడమే. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను లాక్కుంటుంది కాబట్టి మందు అక్కడికే చేరి, రేడియేషన్‌తో గ్రంథిని అణచేస్తుంది. 1941 నుంచీ ఉన్న వైద్యం ఇది. నీ ఒంట్లో రేడియేషన్ తగ్గేదాకా, డాక్టర్ చెప్పినన్ని రోజులు బాబును మీ అమ్మ దగ్గర ఉంచితే చాలు.

నెల్లూరు_బాబాయి: చాలంటే ఎలాగమ్మా? గ్రంథి పోయాక జీవితాంతం థైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోన్ మాత్ర, మింగాలి. అది చెప్పవేం?

కావేరి_జయనగర్: మింగుతున్నాను బాబాయి గారూ. పొద్దున్నే పరగడుపున ఒకటి, అరగంట ఆగి కాఫీ.

రవి_వైట్‌ఫీల్డ్: మళ్లీ మాత్రలైనా వాడొచ్చు. మా అక్క తక్కువ డోసు మీద ఆరేళ్లుగా బాగుంది.

కావేరి_జయనగర్: వాడితే గొంతునొప్పి, జ్వరం వచ్చిన రోజే మాత్ర ఆపి రక్తపరీక్ష చేయించుకోవాలి. అరుదే కానీ తెల్లకణాలు పడిపోతాయి.

నెల్లూరు_బాబాయి: జీవితాంతం అన్నదానికి జవాబు రాలేదు.

కావేరి_జయనగర్: బీపీ మాత్ర మీరు వేసుకోరా? ఎన్నిసార్లు అదే మాట!

నెల్లూరు_బాబాయి: అంటాను. మా ఇంటావిడకు అయోడిన్ ఇచ్చినప్పుడు అప్పటికే కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుండేవి. గ్రేవ్స్ కళ్లనూ పట్టొచ్చు, అయోడిన్ దాన్ని పెంచొచ్చు. అయినా కళ్ల సంగతి అక్కడ ఒక్కరూ అడగలేదు. మూడు నెలల్లో కనుగుడ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. ముందే స్టెరాయిడ్ ఇవ్వాల్సిందని తర్వాత ఇంకో డాక్టర్ అన్నారు. మా అమ్మాయి పెళ్లి ఫోటోల్లో తను లేదు, నిలబడనంది. పోయింది తిరిగి రాదమ్మా, అదీ నా బాధ.

కావేరి_జయనగర్: ఈ మాట మొదటే చెప్పాల్సింది, బాబాయి గారూ. నాదీ వినండి. ఇంకొంచెం చూద్దాం అంటూ నాలుగేళ్లు మాత్రల మీదే ఉంచారు. అంతవరకూ పిల్లల మాట వద్దన్నారు. అప్పుడు నాకు 34, అయ్యేసరికి 38. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఆ ఏళ్లు మాత్రం తిరిగొచ్చాయా? త్వరగా తేల్చుకోమనేది అందుకే.

సుధ_మారతహళ్లి: అక్కా, ఒకటి రాయలేదు. వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం.

నర్స్_శాంతి: అయితే ఆపరేషన్ గురించి కూడా గట్టిగా అడగండి. ఇంతసేపూ ఎవరూ దాని ఊసే ఎత్తలేదు. అయోడిన్ తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం రాకూడదు. పైగా థైరాయిడ్‌ను రెచ్చగొట్టి గ్రేవ్స్ తెప్పించే ట్రాబ్ యాంటీబాడీలు కొన్నాళ్లు పెరుగుతాయి, అవి మాయ దాటి బిడ్డకు చేరగలవు. గ్రంథి తీసేస్తే మెల్లగా తగ్గుతాయి. కార్బిమజోల్ వల్ల మొదటి మూడు నెలల్లో బిడ్డకు అవయవ లోపాలు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే అప్పుడు పీటీయూ అనే ఇంకో థైరాయిడ్ మాత్రకు మారుస్తారు, దానితో లివర్ భయం. ఆపరేషన్‌లోనూ గొంతు నరం దెబ్బతినొచ్చు, కాల్షియం పడిపోవచ్చు. థైరాయిడ్ సర్జరీలు తరచూ చేసే సర్జన్‌నే చూసుకోండి.

నెల్లూరు_బాబాయి: దానికీ జీవితాంతం మాత్రే కదమ్మా.

కావేరి_జయనగర్: బాబాయి గారూ!

నెల్లూరు_బాబాయి: సరే, మాత్ర మాట వదిలేస్తున్నాను. సుధమ్మా, ముందు కళ్లు చూపించుకో. ఏదైనా ఆ తర్వాతే.

సుధ_మారతహళ్లి: రెండు నెలలుగా కళ్లలో ఇసుక పడ్డట్టుంది బాబాయి గారూ. రోజంతా ల్యాప్‌టాప్ చూడటం వల్లేమో అనుకున్నాను.

కావేరి_జయనగర్: నేను చెప్పింది పక్కన పెట్టు సుధా. కళ్ల డాక్టర్ చూసేదాకా అయోడిన్‌కు ఒప్పుకోకు.