8వ జెన్ సిస్టమ్‌లో విండోస్ 7 ఎక్కట్లేదు, సెటప్ రాగానే కీబోర్డు మౌస్ చచ్చిపోతున్నాయి

రేడియం_శీను:
నమస్తే అండి అందరికీ. నాది తెనాలిలో చిన్న స్టిక్కర్ షాపు, బైకు నంబరు ప్లేట్లు, ఆటో వెనకాల పేర్లు, షాపు అద్దాలకి రేడియం కటింగ్, ఇదే పని. పదేళ్లబట్టి ఒకటే సిస్టమ్ మీద లాక్కొచ్చా, మొన్న పిడుగు పడినప్పుడు బోర్డు పోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆఫీసు డెస్క్‌టాప్ తెచ్చుకున్నా, ఐ5 8400 (ఇంటెల్ 8వ జెన్, అంటే 8వ తరం ప్రాసెసర్), 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎన్వీఎంఈ డిస్కు (కొత్త రకం ఎస్ఎస్డీ), దాంట్లో విండోస్ 10 ఉంది. బాగానే ఉంది గానీ నా కటింగ్ ప్లాటర్ (రేడియం కోసే మెషిన్) సీడీలో ఉన్న డ్రైవరు విండోస్ 7 32 బిట్ దాకానే, 10లో వేస్తే ఇన్‌స్టాలే అవట్లేదు, ఆ కంపెనీ వాళ్లు ఇప్పుడు ఫోను కూడా ఎత్తరు.

సరే 7 వేసేద్దాం అని పెన్‌డ్రైవ్ చేస్తే మొదట బూట్ లిస్టులోనే కనపడలేదు, బయాస్ (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచేది) సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ తీసేసి లెగసీ (పాత పద్ధతి బూట్) ఆన్ చేస్తే కనపడింది. లాంగ్వేజ్ అడిగే స్క్రీన్ దాకా వస్తుంది, అక్కడ మౌస్ కదలదు కీబోర్డు పనిచేయదు. అదే కీబోర్డు బయాస్‌లో శుభ్రంగా పనిచేస్తుంది మళ్లీ. పక్క నెట్ సెంటర్‌లో గుండ్రం పిన్ను పాత కీబోర్డు ఉంటే తెచ్చి పెట్టా, దాంతో ముందుకెళ్తే సీడీ డీవీడీ డ్రైవ్‌కి డ్రైవరు లేదంటుంది. నేను పెట్టింది పెన్‌డ్రైవ్, సీడీ ఎక్కడిదండి అసలు? పెన్‌డ్రైవ్ మూడుసార్లు మార్చా, రూఫస్ అని బూట్ పెన్‌డ్రైవ్ చేసే సాఫ్ట్‌వేరుతో మళ్లీ మళ్లీ చేశా. పండగ ఆర్డర్లు ఆగిపోయి ఉన్నాయి, ఎవరన్నా చెప్పండి దయచేసి.

చిప్‌లెవెల్_సికింద్రాబాద్:
అన్నా, పెన్‌డ్రైవ్ మంచిగనే ఉంది, దాన్ని తిట్టకు. ముచ్చట ఏందంటే, మొదట బూట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్‌ని చదివేది బయాస్, కీబోర్డు నడిపేది కూడా బయాసే. సెటప్ లేచినంక బయాస్ పక్కకు జరుగుతది, అప్పటిసంది విండోస్ తన సొంత డ్రైవర్లతోటే అన్నీ చూస్కోవాలె. 7 వచ్చింది 2009ల, దాంట్ల యూఎస్బీ 3 డ్రైవర్ లేదు, యూఎస్బీ 2 వరకే తెలుసు. పాత బోర్డులల్ల యూఎస్బీ 2 కంట్రోలర్ వేరేగ ఉంటుండె, ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల నుంచి, అంటే 6వ జెన్ నుంచి అది తీసేసిండ్రు. ఇప్పుడు పోర్టు నల్లగున్నా నీలంగున్నా లోపల పోయేది యూఎస్బీ 3 కంట్రోలర్‌కే. గందుకే కీబోర్డు సస్తుంది, పెన్‌డ్రైవ్ గూడ కనపడదు. పెన్‌డ్రైవ్ కనపడకపోతే దానికి సమజైన భాషల సీడీ డ్రైవర్ లేదు అంటది, గంతే. నీ గుండ్రం కీబోర్డు పీఎస్2 కాబట్టి పనిచేసింది.

దీనికి మందు ఏందంటే పెన్‌డ్రైవ్‌ల ఉండే సెటప్ ఫైళ్లు రెండు, బూట్.విమ్‌ల రెండో ఇండెక్స్‌ల (అంటే దాని లోపలి రెండో భాగంల), ఇన్‌స్టాల్.విమ్‌ల యూఎస్బీ 3 డ్రైవర్లు ఎక్కియ్యాలె, విండోస్‌ల ఉండే డిజమ్ కమాండ్‌తోని ఐతది. రెండో ఇండెక్స్ అని యాదుంచుకో, మొదటి దాంట్ల ఎక్కిచ్చి రాలేదు రాలేదు అనేటోళ్లు మస్తు మంది.

పాత_మదర్‌బోర్డు:
పై అన్న చెప్పింది కరెక్టే గానీ శీను గారి కేసులో అక్కడితో అయిపోదు. 100, 200 సిరీస్‌లకి ఇంటెల్ విండోస్ 7 యూఎస్బీ డ్రైవరు ఇచ్చింది, 8400 కూర్చునేది 300 సిరీస్ మీద. దాంట్లో హెచ్310సీ, బీ365 లాంటి ఒకటి రెండింటికి తప్ప 7కి సపోర్టు లేదు. నెట్‌లో ఎవరో మార్చిన డ్రైవర్లు దొరుకుతాయి, షాపు సిస్టమ్ మీద అవి వేయమని నేను చెప్పను.

అది దాటారే అనుకోండి, తర్వాత ఎన్వీఎంఈ కనపడదు. 7కి ఎన్వీఎంఈ డ్రైవరు మైక్రోసాఫ్ట్ తర్వాత హాట్‌ఫిక్స్‌గా ఇచ్చింది, కేబీ2990941, కేబీ3087873, ఇవి కూడా విమ్‌లోకి ఎక్కించాలి. పైగా మీకు కావాల్సింది 32 బిట్, అది యూఈఎఫ్ఐలో (కొత్త రకం బయాస్ పద్ధతిలో) బూట్ అవ్వదు, లెగసీయే గతి, ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి లెగసీలో ఎన్వీఎంఈ నుంచి బూట్ ఉండదు. అంటే సాటా ఎస్ఎస్డీ ఒకటి కొనాలి, దాన్ని ఎంబీఆర్ (పాత పద్ధతి పార్టిషన్) చేయాలి. ఇవన్నీ అయ్యాక డిస్‌ప్లే: ఈ ప్రాసెసర్‌లో ఉన్న యూహెచ్డీ 630 గ్రాఫిక్స్‌కి విండోస్ 7 డ్రైవరు ఇంటెల్ ఇవ్వలేదు, స్టాండర్డ్ వీజీఏ మీద సాగదీసిన బొమ్మలా ఉంటుంది, విండో జరిపితే మరకలు మరకలుగా కదుల్తుంది. డిజైన్ చేసేవాళ్లకి అది నరకం. నేను ఇదే పని 7వ జెన్ మీద ఒక మూడు రాత్రులు చేశాను, చివరికి ఎక్కింది, ఎక్కాక అప్‌డేట్లకి వెళ్తే ఈ ప్రాసెసర్‌కి సపోర్టు లేదని మెసేజ్. 2017 నుంచి 7వ జెన్ ఆపైన వాటికి అలా ఆపేశారు.

కుర్రోడు_007:
2020 జనవరిలో సపోర్ట్ అయిపోయిన ఓఎస్ కోసం ఇంత గోల ఎందుకు బ్రో, కొత్త ప్లాటర్ కొనుక్కో

రేడియం_శీను:
తమ్ముడూ కొత్తది నువ్వు కొనిపెడతావా? నా మెషిన్ బంగారంలా కోస్తుంది, బ్లేడు మార్చడం తప్ప ఇన్నేళ్లలో దానికి పెట్టిన ఖర్చు లేదు.
మదర్‌బోర్డు గారూ, మీరు చెప్పింది చదివాక భయమేసింది. పాత ఎస్ఎస్డీని నా ఫ్రెండు 4వ జెన్ సిస్టమ్‌లో పెట్టి అక్కడ 7 ఎక్కించి దీంట్లోకి తెచ్చి పెడితే?

చిప్‌లెవెల్_సికింద్రాబాద్:
ఆ తిప్పలు నేను జూసిన అన్నా. దీంట్ల పెట్టినంక డెస్క్‌టాప్ వస్తే రావొచ్చు, కానీ యూఎస్బీ పోర్టులు అన్నీ గుడ్డివే, మళ్ల నీ ప్లాటర్ కేబుల్ ఏడ పెడతవ్? కొన్ని బోర్డులల్ల ఏ5 అని బ్లూ స్క్రీన్ గూడ కొడ్తది, ఏసీపీఐ (బోర్డుకి విండోస్‌కి మధ్య ఉండే పద్ధతి) పడక. నన్నడిగితే గా డబ్బా అమ్మేసి 4వ జెన్ తీస్కో. హెచ్81 బోర్డు, ఐ5 4590, దానికి 7 డ్రైవర్లు అన్నీ ఒరిజినల్, యూఎస్బీ 2 పోర్టులు ఒరిజినల్. సీటీసీల (సికింద్రాబాద్ కంప్యూటర్ల మార్కెట్) అడిగితే దొరుకుతది.

లక్ష్మి_డీటీపీ:
అమ్మడం ఎందుకండీ, నా మాట ఒక్కటి వినండి. మీకు నిజంగా విండోస్ 7 కావాల్సింది దేనికి, ప్లాటర్ ఒక్కదానికే కదా. మా షాపులో శుభలేఖలకి పాత పేజ్‌మేకరు, అను ఫాంట్లు ఇంకా వాడతాం, రెండేళ్లయింది, అవన్నీ వర్చువల్‌బాక్స్‌లో పెట్టేశాను, అంటే ఉన్న సిస్టమ్ లోపలే ఇంకో ఉత్తుత్తి సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేరు. పైన ఉన్న విండోస్ 10ని కదపక్కర్లేదు. లోపల 7 32 బిట్ వేసుకుంటే దానికి కనపడేది మీ 8వ జెన్ బోర్డు కాదు, వర్చువల్‌బాక్స్ చూపించే పాత రకం హార్డ్‌వేరు. మదర్‌బోర్డు గారు భయపెట్టిన లిస్టు ఉంది చూశారా, అది మొత్తం అక్కడ లేదు. డిస్కు మామూలు సాటాలా కనపడుతుంది, యూఎస్బీ 2 కంట్రోలరు కూడా ఉంటుంది, మీ అసలు బోర్డులో తీసేసిన ఆ కంట్రోలరే. నాకు మామూలు ఐఎస్ఓ ఫైలుతో అరగంటలో ఎక్కింది, డ్రైవర్లు కలిపే పనే పడలేదు.

బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసుకోండి, 2 జీబీ ర్యామ్ ఇవ్వండి చాలు, గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ వాళ్లిచ్చే డ్రైవర్లు) వేస్తే స్క్రీన్ కూడా సరిపడా వస్తుంది. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి యూఎస్బీ 2కి విడిగా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా అక్కర్లేదు. లోపల నెట్ మాత్రం ఆపేయండి. ఇంతకీ మీ ప్లాటర్ కేబుల్ ఏది, యూఎస్బీనా, 9 పిన్నులదా?

రేడియం_శీను:
9 పిన్నులదే అండి, పాత సిస్టమ్‌కి వెనక కామ్ పోర్టు (సీరియల్ పోర్టు) ఉండేది. ఇప్పుడు చూస్తే ఈ ఆఫీసు డబ్బాకీ వెనకాల ఉంది!

లక్ష్మి_డీటీపీ:
అయితే మీ అదృష్టం బాగుంది. వీఎం (వర్చువల్‌బాక్స్ లోపలి సిస్టమ్) ఆపేసి దాని సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్స్‌కి వెళ్లి ఎనేబుల్ చేయండి, మోడ్ హోస్ట్ డివైస్, పాత్‌లో కామ్1 అని కొట్టండి. లోపల 7కి అది తన సొంత కామ్1 అనుకుంటుంది. విండోస్ 10లో వేరే ఏ సాఫ్ట్‌వేరూ ఆ పోర్టుని పట్టుకుని ఉండకూడదు, అలా ఉంటే వీఎం స్టార్టే అవ్వదు.

రేడియం_శీను:
అక్కా ఎక్కింది!! నిన్న రాత్రి 7 ఎక్కించా, ప్లాటర్ డ్రైవరు మొదటిసారికే పడింది. పేరు టెస్ట్ కట్ పెడితే కోసింది, మా ఆవిడ పేరే పెట్టా. ఒకటే ఇబ్బంది, చిన్నవి బాగానే వస్తున్నాయి, అద్దానికి వేసే నాలుగడుగుల పెద్ద డిజైన్లు సగం కోసి, తర్వాత ఎటో గీతలు గీసి మెటీరియల్ పాడుచేస్తుంది. రెండు మీటర్లు పోయింది.

చిప్‌లెవెల్_సికింద్రాబాద్:
అది ఫ్లో కంట్రోల్ ముచ్చట అన్నా. ప్లాటర్ మెమరీ చిన్నది, అది నిండినంక ఆగు అని చెప్తది, సిస్టమ్ వినకుండ పంపుతనే ఉంటే మధ్యల కమాండ్లు పోతయ్, గీతలు ఆగమైతయ్. 7 లోపల డివైస్ మేనేజర్‌ల కామ్1 ప్రాపర్టీస్ తీసి ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ పెట్టు, కటింగ్ సాఫ్ట్‌వేర్‌ల గూడ అదే ఉండాలె. స్పీడ్ 9600 రెండు దిక్కులా ఒక్కటే ఉండాలె. ముందు కాగితం మీద పెన్ను పెట్టి జూడు, రేడియం మళ్ల ఖరాబ్ చేస్కోకు.

రేడియం_శీను:
అదే అన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఫ్లో కంట్రోల్ నన్ (None) అని ఉంది, మార్చాక నాలుగడుగుల డిజైన్లు రెండు పెన్నుతో గీయించా, రెండూ సరిగ్గా వచ్చాయి. పొద్దున అద్దం పని ఇచ్చేశా. లక్ష్మి అక్క చెప్పినట్టు వీఎం ఫోల్డర్ మొత్తం ఒక హార్డ్‌డిస్కులోకి కాపీ కూడా కొట్టి ఇంట్లో పెట్టా, ఇంకో పిడుగు పడ్డా వర్చువల్‌బాక్స్ వేసిన వేరే సిస్టమ్‌లో తెరుచుకోవచ్చంట.

పాత_మదర్‌బోర్డు:
నా మూడు రాత్రులు ఎవరిస్తారు ఇప్పుడు

ఏలూరు_స్టూడియో:
ఇదే పద్ధతి నా ప్యారలల్ పోర్టు స్కానర్‌కి పనిచేస్తుందా అండి? యూఎస్బీ టు ప్యారలల్ కేబుల్ ఒకటి కొందామనుకుంటున్నా.

లక్ష్మి_డీటీపీ:
కొనకండి. ఆ కేబుళ్లు ప్రింటర్ల వరకే, స్కానర్‌ని అసలు గుర్తించవు. దానికి మాత్రం సికింద్రాబాద్ తమ్ముడు చెప్పిన పాత సిస్టమే వెతుక్కోండి, వెనక ప్యారలల్ పోర్టు ఉందో లేదో కళ్లతో చూశాకే డబ్బులివ్వండి.