కొన్ని సిస్టమ్స్ లినక్స్, కొన్ని విండోస్: ఒకే డేటాబేస్‌ని ఎలా వాడుకుంటున్నారు?

ఖాతాపుస్తకం:
మాది పల్నాడులో ఎరువులు, పురుగుమందుల షాపు, వెనకే గోడౌన్. మొత్తం అయిదు సిస్టమ్స్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, మా మూడు పెట్టెలు విండోస్ 11కి పనికిరావని తేలింది. కొత్తవి కొందామంటే మా బాబాయి "నడిచేవాటికి ఏం రోగం" అన్నారు. సరే అని ఆ మూడింట్లో ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. కొటేషన్లు, ఉత్తరాలు ఉచిత ఆఫీస్ ప్రోగ్రాం లిబ్రేఆఫీస్‌లో హాయిగా సాగిపోతున్నాయి.

చిక్కంతా రైతుల ఖాతాలతోనే. తొమ్మిదేళ్ళ అప్పులు, జమలు ఒక యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాం) ఫైల్లో ఉన్నాయి. కౌంటర్లో విండోస్, గోడౌన్లో లినక్స్. రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో ఫైల్ అటూ ఇటూ మోస్తున్నాం. మొన్న గోడౌన్ కుర్రాడు పాత కాపీని కొత్తదాని మీద వేసేశాడు. రెండు రోజుల ఎంట్రీలు గోవిందా. బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు ముందేసుకుని రాత్రి పదకొండు దాకా మళ్ళీ కొట్టాం. ఇలాంటి సెటప్ ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో చెప్పండి.

మింట్‌మామ:
ఫైల్ కదపకుండానే పని జరుగుతుంది. యూకెన్‌యాక్సెస్ అని జావా డ్రైవర్ ఉంది, ఉచితం. లిబ్రేఆఫీస్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ కింద క్లాస్ పాత్‌లో (జావా ఫైళ్ళు ఎక్కడున్నాయో చెప్పే చోట) దాని జార్ ఫైళ్ళు చేర్చి, లిబ్రేఆఫీస్‌లోని డేటాబేస్ భాగం బేస్‌లో జేడీబీసీ (జావాతో డేటాబేస్‌ని కలిపే పద్ధతి) కనెక్షన్ ఇస్తే యాక్సెస్ టేబుళ్ళు లినక్స్‌లోనే తెరుచుకుంటాయి. చదవొచ్చు, రాయొచ్చు కూడా. నేను రెండేళ్ళుగా వాడుతున్నాను. ఫైల్ పెద్దదైతే మొదటిసారి తెరిచేటప్పుడు టీ తాగి రావచ్చు, ఎందుకంటే అది డేటా మొత్తాన్ని తన దగ్గరికి లాక్కుంటుంది.

పాతకీబోర్డు:
మామా, మీరొక్కరే వాడుతున్నారు కాబట్టి బండి నడుస్తోంది. ఇక్కడ కౌంటర్లో ఒకరు, గోడౌన్లో ఒకరు ఒకేసారి కొడతారు. ఒకళ్ళు రాసేటప్పుడు ఇంకొకళ్ళు అదే చోట రాయకుండా యాక్సెస్ తన పక్కన చిన్న లాక్ ఫైల్ పెట్టుకుంటుంది. ఆ పద్ధతిని జావా డ్రైవర్ పాటించదు. ఇద్దరూ ఒకేసారి రాస్తే ఫైల్ పాడైపోవచ్చు. మా పాత ఆఫీసులో పాడైంది కూడా, ఫైల్ బాగుచేసే కంపాక్ట్ అండ్ రిపేర్ కొడితే ఒక టేబుల్ సగమే తిరిగొచ్చింది. లినక్స్ వైపు చూడ్డానికి మాత్రమే అయితే మామ చెప్పింది భేషుగ్గా ఉంటుంది.

లైబ్రరీ_కార్డు:
అయితే యాక్సెస్ వదిలేసి, అన్ని సిస్టమ్స్‌లోనూ లిబ్రేఆఫీసే వేసి, బేస్ ఫైల్‌ని షేర్డ్ ఫోల్డర్లో పెడితే సరిపోదా?

పాతకీబోర్డు:
సరిపోదు. బేస్ ఫైల్ అంటే నిజానికి జిప్ మూట, లోపల డేటాబేస్ చుట్టిపెట్టి ఉంటుంది. ఒక సమయంలో ఒక్కరికే. రెండోవాళ్ళు తెరిస్తే "చదువుకో, రాయకు" అంటుంది. పైగా మధ్యలో కరెంటు పోతే ఆ పూట కొట్టినదంతా పోయే ప్రమాదం ఉంది. ఫైల్‌ని పంచుకోవాలన్న ఆలోచనే మానెయ్యండి. డేటాని సర్వర్లో, అంటే అడిగిన ప్రతి సిస్టమ్‌కీ డేటా అందించే ఒక్క చోట, పెట్టండి, యాక్సెస్, బేస్ రెండూ దాని కిటికీలు మాత్రమే.

వరంగల్_వైర్లు:
అదే మాట. మాది రైస్ మిల్లు, ఏడాదిగా మరియాడీబీ అనే ఉచిత డేటాబేస్ సర్వర్ మీద నడుస్తోంది. సర్వర్ అంటే పెద్ద మిషన్ అనుకోకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి మూలన పెట్టాం, దానికో యూపీఎస్. మేము పడ్డ తిప్పలు చెప్తాను, మీరు పడకండి.

మొదటిది, ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో మరియాడీబీ వేయగానే అది 127.0.0.1 మీదే వింటుంది, అంటే పక్క సిస్టమ్‌కి కనబడదు. కాన్ఫిగ్‌లో బైండ్ అడ్రస్ (ఏ చిరునామా మీద వినాలో చెప్పేది) మార్చాలి, ఫైర్‌వాల్‌లో 3306 పోర్టు మీ లోపలి నెట్‌వర్క్ వరకే తెరవాలి. సర్వర్ ఐపీని రౌటర్లో కట్టేయండి. మాకు ఓసారి కరెంటు పోయి రౌటర్ తిరిగొచ్చాక ఐపీ మారిపోయి, ధాన్యం లారీ కాటా మీద ఉండగా అరగంట అందరం తలలు పట్టుకున్నాం.

విండోస్ వైపు ఓడీబీసీ డ్రైవర్ (ప్రోగ్రాంని డేటాబేస్‌తో కలిపే వంతెన) వేసి, యాక్సెస్‌లో లింక్డ్ టేబుల్స్ (డేటా సర్వర్లోనే ఉంచి ఇక్కడ చూపేవి) చేసుకోవాలి. ఇక్కడ ఒక పూటంతా పోయింది. విండోస్ 64 బిట్, కానీ మా ఆఫీస్ 32 బిట్. డ్రైవర్ ఆఫీస్‌కి సరిపోయేది కావాలి గానీ విండోస్‌కి కాదు. ఫైల్ మెనూలో అకౌంట్, అబౌట్ దగ్గర చూసుకుని దించుకోండి.

ఇంకోటి: టేబుల్ పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే పెట్టండి. లినక్స్ మీద ఈ సర్వర్‌కి పెద్దక్షరంతో మొదలైన పేరు వేరు, చిన్నక్షరంతో మొదలైన పేరు వేరు. విండోస్‌లో అలవాటైన చేయి ఈ తేడా చూడదు. ప్రతి టేబుల్‌కీ ప్రైమరీ కీ (ఒక్కో వరుసనీ విడిగా గుర్తించే కాలమ్) తప్పనిసరి, లేకపోతే బేస్ ఆ టేబుల్లో కొత్త వరుస కొట్టనివ్వదు. డబ్బుకీ బరువుకీ అంకెల్ని కచ్చితంగా దాచే డెసిమల్ వాడండి. మేము సుమారుగా దాచే ఫ్లోట్ పెట్టి, ఎవరూ ముట్టుకోని వరుసకి కూడా "ఇంకొకరు మార్చారు" అని యాక్సెస్ గొడవ చేస్తుంటే వారం రోజులు ఒకర్నొకరం అనుమానించుకున్నాం. డెసిమల్‌కి మార్చి, వరుస మారిన వేళ గుర్తుంచుకునే ఒక టైమ్‌స్టాంప్ కాలమ్ చేర్చాక సద్దుమణిగింది.

ఖాతాపుస్తకం:
వైర్లు గారూ, చాలా థాంక్స్. ఆదివారం కూర్చుని మార్చాను. యాక్సెస్ ఫైళ్ళు చదివే ఎండీబీ టూల్స్‌తో లినక్స్‌లోనే డేటా బయటికి తీశాను. తేదీల దగ్గర జాగ్రత్త, నెల ముందు, రోజు తర్వాత వచ్చాయి. జూన్ 5న యూరియా తీసుకున్నాయన మే 6న తీసుకున్నట్టు చూపించింది. వడ్డీ లెక్కలో నెల తేడా అంటే మా ఊళ్ళో మాటలా! ఫార్మాట్ సరిచేసి మళ్ళీ తీశాను.

ఇప్పుడు బేస్‌లో పేర్లు తెలుగులో చక్కగా కనబడుతున్నాయి, కౌంటర్లో యాక్సెస్ తెరిస్తే అన్నీ ప్రశ్నార్థకాలే. ఇంకో పాత టేబుల్లో అయితే రెండువైపులా ఇంగ్లిష్ గుర్తుల కలగాపులగం.

లైబ్రరీ_కార్డు:
దీనికి నేను చెప్పగలను! మైఎస్‌క్యూఎల్ (మరియాడీబీకి మూలమైన డేటాబేస్) వాళ్ళ ఓడీబీసీ వేస్తే రెండు డ్రైవర్లు కనిపిస్తాయి, కొద్ది అక్షరాలే పట్టే పాత పద్ధతి ఆన్సీ ఒకటి, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూనికోడ్ ఒకటి. మీరు ఆన్సీ ఎంచుకుని ఉంటారు, యూనికోడ్‌తో మళ్ళీ లింక్ చేయండి. టేబుళ్ళు యూనికోడ్‌ని దాచే యూటీఎఫ్8ఎంబీ4లో ఉన్నాయో లేదో కూడా చూడండి.

కలగాపులగం టేబుల్ మాత్రం బహుశా అను ఫాంట్లలో కొట్టింది. అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఆ ఫాంట్ వేస్తేనే తెలుగులా కనబడే గుర్తులు. ఏ డ్రైవరూ బాగుచేయలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు కంటితో సరిచూసుకోవాలి. మా కేటలాగ్‌కి వేసవి సెలవులన్నీ దీనికే సరిపోయాయి.

ఖాతాపుస్తకం:
యూనికోడ్ డ్రైవరే మందు, పేర్లు వచ్చేశాయి. అను టేబుల్లో 400 చిల్లర పేర్లు, మా చెల్లి కూర్చుంది. ఫారాలు, రిపోర్టులు బేస్‌లోకి రావని అర్థమైంది, గోడౌన్‌కి కావాల్సిన రెండు ఫారాలు కొత్తగా గీశాను. సర్వర్ రోజూ రాత్రి డంప్ (మొత్తం డేటా కాపీ) తీసి వేరే డిస్క్‌లో వేసేట్టు పెట్టాను.

కాకపోతే నిన్న పరువు పోయింది. "బాకీ తీరింది" అని టిక్ పెట్టే కాలమ్ ఉంది. యాక్సెస్‌లో నిజం అంటే -1, సర్వర్లోకి 1గా చేరింది. తీరినవాళ్ళని వెతికే పాత క్వెరీకి ఒక్కరూ దొరకలేదు, దాంతో ఊరంతా బాకీదారులే అయ్యారు. మా బాబాయి ఆ లిస్టు పట్టుకుని, పోయిన సంక్రాంతికే లెక్క తేల్చేసిన పెద్దాయనకి ఫోన్ కొట్టారు. ఆయన రసీదు పట్టుకుని షాపుకే వచ్చారు. క్వెరీలో "సున్నా కానివి" అని మార్చాను, లిస్టు సరిగ్గా వస్తోంది. బాబాయి మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు.

మింట్‌మామ:
పెన్‌డ్రైవ్ ఏం చేశారు?

ఖాతాపుస్తకం:
బాబాయి తీసుకెళ్ళారు మామా. కారులో పాటలకట.