పాట కట్టినవారికి వేరే బహుమతి: నాష్‌విల్ పద్ధతి మన సంక్రాంతి పోటీలకు కుదురుతుందా?

కావలి_కోలాటం:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఏటా సంక్రాంతికి జానపద పాటల పోటీ పెడతాము. బహుమతి మొత్తం పాడిన బృందానికే ఇస్తున్నాము గాని, పాట కట్టిన మనిషి పేరు మైకులో కూడా చెప్పడం లేదు. ఇది నాకు చాలాకాలంగా బాధగా ఉంది. అమెరికాలో నాష్‌విల్ నగరంలోని కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్, అంటే అక్కడి పల్లె బాణీ సంగీతంవారి సంఘం, ఏటా ఇచ్చే పురస్కారాలలో ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’, ‘సింగిల్ ఆఫ్ ది ఇయర్’ అని రెండు విభాగాలు ఉన్నాయట. వీటికి తేడా ఏమిటో, విజేతలను ఎవరు నిర్ణయిస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

నెల్లూరు_శ్రోత:
సింగిల్ పురస్కారం రికార్డుకు ఇచ్చేది కాబట్టి పాడినవారికి, దాన్ని తయారుచేసిన నిర్మాతలకు చెందుతుంది. సాంగ్ పురస్కారం పాట రాసినవారిది. 1967లో మొట్టమొదటి పురస్కారాలలోనే ‘దేర్ గోస్ మై ఎవ్రిథింగ్’ అనే ఒకే పాటకు సింగిల్ పాడిన జాక్ గ్రీన్‌కు, సాంగ్ రాసిన డల్లాస్ ఫ్రేజియర్‌కు దక్కాయి.

2023లో జరిగింది మీకు ఇంకా బాగా పనికొస్తుంది. ట్రేసీ చాప్‌మన్ తానే రాసి 1988లో పాడిన ‘ఫాస్ట్ కార్’ను ల్యూక్ కూంబ్స్ మళ్లీ పాడగా, సింగిల్ ఆయనకూ సాంగ్ ఆమెకూ వచ్చాయి, ఆ విభాగంలో గెలిచిన తొలి నల్లజాతి రచయిత ఆమే. 35 ఏళ్ల తరువాత మరొకరి గొంతులో పాట మారుమోగినా, గౌరవం రాసినావిడను వెతుక్కుంటూ వెళ్లింది. మన పోటీలలో ఇది ఎందుకు జరగదని నేనూ ఎన్నోసార్లు మథనపడ్డాను.

విజేతలను ఆ సంఘంలోని వృత్తి సభ్యులు, అంటే గాయకులు, రచయితలు, రేడియోవారు మొదలైనవారు, విడతలవారీగా ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ప్రేక్షకులకు ఓటు లేదు.

ఒంగోలు_డోలక్:
విభాగాలు తీసుకోండి గాని, ఓట్ల పద్ధతి మనకు వద్దు. ఊళ్లో ఓటు పెడితే బంధువర్గం ఎక్కువున్న బృందమే గెలుస్తుంది. పక్క మండలం నుంచి ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులను న్యాయనిర్ణేతలుగా పిలవడం మేలు. ఇంకొక చిక్కు కూడా ఉంది. కోలాటంలో, భజనలో మనం పాడేవాటిలో చాలా పాటలు ఎవరు కట్టారో తెలియకుండా తరతరాలుగా వస్తున్నవే. కాబట్టి రచన బహుమతిని కొత్తగా కట్టిన పాటలకే పరిమితం చేయండి. లేకపోతే పాత పాట మాదంటే మాదని తగవులు వస్తాయి.

వాయిద్యకారులను మాత్రం మరచిపోకండి. నాష్‌విల్‌వారు 1967లోనే వాద్యకారుడికి వేరే పురస్కారం పెట్టి, మొదటిది గిటారు విద్వాంసుడు చెట్ అట్కిన్స్‌కు ఇచ్చారు. అయితే ఆ విభాగంలో ఒక మహిళ, ఫిడేలు వాయించే జెనీ ఫ్లీనర్, గెలవడానికి 2019 దాకా పట్టింది. మన దగ్గర డప్పు కళాకారుడు వేదిక వెనుక గడ్డిమంట వేసి, తోలును అటూ ఇటూ తిప్పుతూ కాచి, వేలితో తట్టి చూసుకొని, నాదం పలికాక గాని పైకి రాడు. బృందం నిలబడేది ఆయన దెబ్బ మీదనే అయినా, శాలువా మాత్రం ముందువరుసలో పాడినవారికే కప్పుతారు.

కావలి_కోలాటం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దరఖాస్తులో పాట కట్టినవారి పేరుకు, వాయిద్యకారుల పేర్లకు వేరే గడులు పెట్టి, పాటకు ముందు ఆ పేర్లు మైకులో చదివించాలని ఈ ఆదివారం కమిటీలో ప్రతిపాదిస్తాను. రచన బహుమతి సొమ్ము విడిగా ఇవ్వాలా, మొదటి బహుమతిలోనుంచే తీయాలా అన్నది ఇంకా తేలాలి. విడిగానే ఇవ్వాలని నేను పట్టుబడతాను.