భూమి గుండ్రంగా ఉంటే జర్మన్ రేడియో కిరణం డర్బీ దాకా ఎలా వెళ్లింది?

ఈసీఈ_థర్డ్‌ఇయర్:
సెమినార్‌కి 1940 నాటి క్నికెబైన్ తీసుకున్నా, అంటే జర్మన్ బాంబర్లకి రేడియో కిరణాలతో దారి చూపిన వ్యవస్థ. జర్మనీలోని క్లేవెలో ఒక ట్రాన్స్‌మిటర్, డెన్మార్క్ సరిహద్దు దగ్గర ఇంకోటి, రెండు కిరణాలు కలిసిన చోట బాంబులు. ఇంతవరకు ఓకే. కానీ ఫ్రీక్వెన్సీ 30 మెగాహెర్ట్జ్ పైన, అంటే లైన్ ఆఫ్ సైట్, తిన్నగా కనిపించేంత దూరమే వెళ్లాలి. క్లేవె నుంచి ఇంగ్లండ్‌లోని డర్బీ 500 కి.మీ. ఉంటుంది. విమానం 6 కి.మీ. ఎత్తున ఉన్నా నా లెక్క 350 దాటట్లేదు. పైగా ఆ ఫ్రీక్వెన్సీలో అంత సన్నటి కిరణం ఎలా వస్తుంది?

పాత_లోకలైజర్:
తమ్ముడూ, నీ లెక్కలో తప్పేం లేదు. మార్కోనీ కంపెనీ నిపుణుడు ఎకర్స్‌లీ కూడా అప్పట్లో అది అంత దూరం రాదనే అన్నాడు.

ముందు రెండోది. సన్నటి కిరణమంటూ అసలు లేదు. నా సర్వీసంతా ఎయిర్‌పోర్టుల్లో ఐఎల్ఎస్ (విమానాన్ని రేడియోతో రన్‌వే మీదికి దించే వ్యవస్థ) చూసుకుంటూనే గడిచింది, ఇది మా ఇంటి సంగతే. పక్కపక్కన రెండు వెడల్పాటి లోబులు (యాంటెన్నా సిగ్నల్ పరుచుకునే పాయలు), కొంచెం ఒకదాని మీద ఒకటి. ఒకదాంట్లో చుక్కలు, రెండోదాంట్లో గీతలు. రెండూ సమానమైన చోట చెవికి ఆగని మోత. సన్నగా ఉండేది ఆ సమానపు గీత ఒక్కటే. రన్‌వే మధ్యగీత చూపే మా లోకలైజర్‌లో చుక్కలూ గీతల బదులు 90, 150 హెర్ట్జ్, చెవి బదులు ముల్లు.

ఇక దూరం. దిగంతం దాటగానే సిగ్నల్ చచ్చిపోదు, డిఫ్రాక్షన్‌తో, అంటే భూమి వంపు వెంట కొంచెం వంగి, నీరసించి వస్తుంది. దాన్ని పట్టాలంటే రిసీవర్ గట్టిది కావాలి. జర్మన్ హైంకెల్ బాంబర్లలో లోరెంజ్ ల్యాండింగ్ రిసీవర్ మామూలుగానే ఉండేది, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కూలిన విమానంలోని ఒక రిసీవర్‌ని బ్రిటన్ విమాన పరిశోధన కేంద్రం ఫార్న్‌బరోలో విప్పిన ఇంజనీర్లు, ల్యాండింగ్‌కి ఇంత సెన్సిటివిటీ అక్కర్లేదే అన్నారు. బ్రిటిష్ గూఢచార విభాగంలోని 28 ఏళ్ల శాస్త్రవేత్త ఆర్.వి. జోన్స్ ఆ ముక్క పట్టుకున్నాడు. 1940 జూన్ 21న చర్చిల్ ముందు వాదించాడు. ఆ రాత్రే ఒక బ్రిటిష్ ఆన్సన్ విమానం వెళ్లి ఇంగ్లండ్‌లోని స్పాల్డింగ్ దగ్గర 31.5 మెగాహెర్ట్జ్ మీద దాన్ని పట్టేసింది. దక్షిణాన చుక్కలు, ఉత్తరాన గీతలు, మధ్య మోత 400-500 గజాల వెడల్పు. వాదన అంతటితో సరి.

గోదారిగట్టు:
కిరణాన్ని వంచి పొలాల్లో బాంబులు వేయించారని విన్నానండీ, నిజమేనా?

పాత_లోకలైజర్:
అది పుకారు. మొదట్లో బ్రిటిష్ వాళ్లు చేసిందల్లా ఆ ఫ్రీక్వెన్సీ మీద గోల పెట్టడమే, అదీ ఆసుపత్రుల్లో రేడియో తరంగాలతో ఒంటికి వేడి పట్టించే డయాథర్మీ యంత్రాలతో. క్నికెబైన్‌కి వాళ్లు పెట్టుకున్న రహస్య పేరు తలనొప్పి, దాన్ని చెడగొట్టే జామర్‌కి ఆస్పిరిన్. హాస్యం తగ్గలేదు వాళ్లకి!

ఈసీఈ_థర్డ్‌ఇయర్:
థాంక్స్ అంకుల్. మరి 1940 నవంబర్ 14న జర్మన్ల బాంబుదాడి నుంచి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరాన్ని ఎందుకు కాపాడలేకపోయారు?

పాత_లోకలైజర్:
అది వేరే సరుకు, ఎక్స్-గెరాట్ అనే ఇంకో జర్మన్ కిరణ వ్యవస్థ, 70 మెగాహెర్ట్జ్ ప్రాంతం. దాని రిసీవర్‌లో 2000 హెర్ట్జ్‌కి ఫిల్టర్ ఉంటే, బ్రిటిష్ జామర్లు 1500 మీద మోగాయి. ఫిల్టర్ వాటిని లోపలికే రానివ్వలేదు. నిజానికి వారం ముందే ఇంగ్లండ్‌లోని బ్రిడ్‌పోర్ట్ దగ్గర తీరంలో ఆ పరికరమున్న హైంకెల్ ఒకటి దొరికింది. అది ఎవరిదని బ్రిటిష్ సైన్యం, నౌకాదళం తగువులాడుకునేలోపు నీళ్లలో మునిగింది. ఆ గొడవ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆ రాత్రి పున్నమి. జామింగ్ కుదిరినా ఊరు కళ్లకు కనిపించేదే అని నా అభిప్రాయం.

ఫిల్టర్ బొమ్మ స్లైడులో తప్పక పెట్టు. వైవాలో ప్రశ్నలు అక్కణ్నుంచే వస్తాయి.